ఒక్క సాక్సు వేసుకుని ఆగిపోయే పిల్లాడు: ఏడీహెచ్‌డీ అనిపిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి

పొద్దున ఏడూ పదిహేను, కింద వ్యాన్ అంకుల్ హారన్ కొడుతున్నాడు, మా వాడు గుమ్మంలో కూర్చుని ఒక కాలికి సాక్సు వేసుకున్నాడు, రెండోది చేతిలోనే ఉంది, చూపేమో తులసి కుండీ కింద బారులు తీరిన చీమల మీద. నేను "సాక్సూ" అని అరవడం అది నాలుగోసారి. ఒళ్ళు మండిపోయి దగ్గరికెళ్ళి "ఇప్పుడు నువ్వేం చెయ్యాలి రా" అంటే ఠక్కున "రెండో సాక్సు వేసుకోవాలి మమ్మీ" అన్నాడు. తెలుసు వాడికి. తెలిసీ వేసుకోలేదు, మళ్ళీ చీమల్లోకి వెళ్ళిపోయాడు.

ఈ ఒక్క సీను అర్థమవ్వడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఏడీహెచ్‌డీ (అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్, ధ్యాస, కుదురు నిలవని ఇబ్బంది) అంటే పిల్లాడికి ఏం చెయ్యాలో తెలియకపోవడం కాదు, తెలిసింది ఆ టైముకి చెయ్యలేకపోవడం. అందుకే ఎంత చెప్పినా, ఎంత తిట్టినా, చివరికి రెండు తగిలించినా ఫలితం ఉండదు, ఎందుకంటే మనం తెలియజెప్తూనే ఉంటాం, లోటున్నది తెలియడంలో కాదు కదా. నేను డాక్టర్‌ని కాను, హైదరాబాద్ మలక్‌పేటలో ఉండే మామూలు అమ్మని, వాడికిప్పుడు తొమ్మిదేళ్ళు, నాలుగో క్లాసు. మేం తిరిగిన తిరుగుళ్ళు, పోగొట్టుకున్న టైము, డబ్బులు ఇంకొకళ్ళకి తప్పుతాయని వరసగా రాస్తున్నా.

అసలు ఇదేంటి

డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 అనే పద్ధతిలో (2013 నుంచి ఉంది) రెండు గుంపుల లక్షణాలుంటాయి, ఒక్కో గుంపులో తొమ్మిది. ఒకటి ధ్యాస నిలవకపోవడం: మొదలుపెట్టింది పూర్తి చెయ్యడు, పెన్సిళ్ళు ఎరేజర్లు రోజుకొకటి పోగొట్టుకుంటాడు, ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా విననట్టే ఉంటాడు, లెక్కలో చిన్న చిన్న తప్పులు. రెండోది కుదురులేనితనం, దుడుకు: కూర్చోమన్న చోట కూర్చోడు, కాళ్ళకి చక్రాలు కట్టినట్టు తిరుగుతాడు, ప్రశ్న పూర్తవ్వకముందే జవాబు, ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగలేడు. ఏదో ఒక గుంపులో కనీసం ఆరు లక్షణాలు, ఆరు నెలలకి తగ్గకుండా, పన్నెండేళ్ళ లోపే కొన్నైనా మొదలై, ఇంట్లోనూ స్కూల్లోనూ అంటే కనీసం రెండు చోట్ల కనపడాలి, వాటి వల్ల చదువో స్నేహాలో ఇంట్లో బతుకో నిజంగా దెబ్బ తింటూ ఉండాలి. ఈ చివరి మాట చాలామంది వదిలేస్తారు. ఉట్టి అల్లరి ఉంటే అది ఏడీహెచ్‌డీ కాదు, అల్లరే.

మొదటి గుంపు మాత్రమే ఉన్న పిల్లలుంటారు, వీళ్ళనే ఎవరూ పట్టించుకోరు. మా అపార్ట్‌మెంట్‌లో ఒక అక్క వాళ్ళ అమ్మాయి ఏడో క్లాసు, ఎవరినీ ఏమీ అనదు, క్లాసులో కిటికీ వైపు చూస్తూ కూర్చుంటుంది, "నెమ్మదైన పిల్ల, కాస్త బద్ధకం" అని ఆరేళ్ళు గడిపేశారు, ఈ మధ్యే తెలిసింది. ఆడపిల్లల్లో ఇలా ఎక్కువగా దాటిపోతుంది, ఎందుకంటే వాళ్ళు బెంచీ ఎక్కి గెంతరు కాబట్టి టీచర్ ఇంటికి ఫోన్ చెయ్యదు.

మా అత్తమ్మ మాట "మా కాలంల గివన్ని ఎక్కడివి, గీ సెల్లులొచ్చినంక వచ్చినయ్" అని. పాపం ఆమెనేం అనను కానీ, లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి 1902లోనే లెక్చర్లిచ్చాడు, అంతకు నూరేళ్ళకి పైగా ముందే, 1798లో, అలెగ్జాండర్ క్రైటన్ అనే డాక్టరు ధ్యాస నిలవని మనుషుల గురించి రాశాడు. అప్పుడు సెల్లుల్లేవు. పేరు మాత్రం మారుతూ వచ్చింది, ఇప్పుడున్న పేరు 1987 నాటిది. ప్రపంచం మొత్తం మీద పిల్లల్లో సుమారు నూటికి ఐదుగురికి ఉంటుందని లెక్క, అంటే నలభై మంది ఉన్న సెక్షన్‌లో ఇద్దరన్నమాట.

పెంపకం వల్ల వస్తుందా అంటే కాదు. ఎత్తు ఎలా వంశంలో వస్తుందో ఇదీ దాదాపు అలాగే, పిల్లలకీ పిల్లలకీ మధ్య తేడాలో 70 నుంచి 80 శాతం జన్యువుల వల్లే అని కవలల మీద చేసిన పరిశోధనలు చెప్తాయి. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు బరువు మరీ తక్కువుండటం కూడా రిస్కు పెంచుతాయి. డాక్టర్ "ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా" అని అడిగితే నేను లేరని చెప్పేశా, ఇంటికొచ్చాక అత్తమ్మే నవ్వుకుంటూ చెప్పింది, మా ఆయన చిన్నప్పుడు స్కూల్ బ్యాగు ఆర్టీసీ బస్సులో మూడుసార్లు వదిలేసి వచ్చాడంట, మూడోసారి మామయ్య డిపోకి పోయి తెచ్చాడంట. అప్పటిదాకా "నీ పెంపకమే" అన్న మాట ఆ రోజు నుంచి మా ఇంట్లో బంద్.

ఇంకో సంగతి నాకు బాగా ధైర్యమిచ్చింది. 2007లో అమెరికాలో పిల్లల మెదడు స్కాన్లు పోల్చి చూశారు, మామూలు పిల్లల్లో మెదడు పైపొర పూర్తి మందానికి రావడం సగటున ఏడున్నరేళ్ళకైతే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో పదిన్నరేళ్ళకి. ఎదిగే వరస అదే, ఆలస్యం మాత్రం మూడేళ్ళు, అదీ ఎక్కువగా తనని తాను అదుపు చేసుకునే ముందు భాగంలో. అప్పట్నుంచి తొమ్మిదేళ్ళవాడి దగ్గర నిలకడ విషయంలో ఆరేళ్ళవాడికి పెట్టుకునే ఆశలే పెట్టుకుంటున్నా, తెలివి విషయంలో మాత్రం తొమ్మిదేళ్ళవే. సగం గొడవలు దాంతోనే పోయాయి.

"సెల్ ఇస్తే రెండు గంటలు కదలడు, మరి ధ్యాస లేదంటారేంటి" అని అందరూ అడిగే ప్రశ్న, నేనూ అడిగా. సెల్లులో సెకనుకో కొత్త బొమ్మ, కొత్త సౌండు, కొత్త పాయింట్లు, ధ్యాసని అదే లాక్కుపోతుంది, పిల్లాడు పెట్టక్కర్లేదు. ఎక్కాలు రాయాలంటే వాడే పెట్టాలి, అదే వాడికి కష్టం. ధ్యాస లేక కాదు, కావాల్సిన చోటికి తిప్పుకోలేక.

అన్నీ ఇదే అనుకోకండి

డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందే కొన్ని చూసుకోండి, ఇవి తేలిగ్గా దొరుకుతాయి, తేలిగ్గా బాగవుతాయి కూడా. కళ్ళు, చెవులు టెస్ట్ చేయించండి. రాత్రి గురక పెడుతూ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడా, అయితే అడినాయిడ్స్ (ముక్కు వెనకుండే కండ) పెరిగి ఉండొచ్చు, నిద్ర చాలని పిల్లలు పెద్దవాళ్ళలా తూగరు, ఇంకా రెచ్చిపోయి గెంతుతారు, అచ్చం ఇలాగే కనిపిస్తారు. రక్తం తక్కువుందా చూడండి. మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు గుడ్లప్పగించి బిగుసుకుపోయి, మళ్ళీ ఏం జరగనట్టు మొదలుపెడితే అది పరధ్యానం కాకపోవచ్చు, ఒక రకం ఫిట్స్, వెంటనే చూపించాలి. చదవడం రాయడంలోనే ఇబ్బంది ఉంటే అది లెర్నింగ్ డిసెబిలిటీ కావొచ్చు, ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి.

మన ఊళ్ళో ఇంకోటి కూడా ఉంది. ఊర్లో తెలుగు మీడియం చదివిన పిల్లని తెచ్చి ఇక్కడ ఇంగ్లీషే మాట్లాడాలనే స్కూల్లో కూర్చోబెడితే అర్థం కాక అటూ ఇటూ చూస్తుంది, దానికి పేరు ఏడీహెచ్‌డీ కాదు. అలాగే వయసు సరిపోకుండా తొందరపడి పై క్లాసులో వేసిన పిల్లలు, క్లాసులో అందరికన్నా చిన్నోళ్ళకి ఈ ముద్ర ఎక్కువ పడుతుందని చాలా దేశాల్లో చూశారు. ఇంట్లో చావో గొడవలో ఇల్లు మారడమో జరిగి ఆ తర్వాతే మొదలైతే అదీ వేరే కథ. ఏడీహెచ్‌డీ నిన్న మొన్న మొదలవ్వదు, చిన్నప్పట్నుంచీ ఉంటుంది.

నోటుబుక్కు

నా సలహాలన్నిట్లో ఒక్కటే పాటించండి అంటే ఇదే చెప్తా. రెండు వారాలు రాయండి. నేను పాల లెక్క రాసే పాత డైరీలోనే వెనక నుంచి రాశా. డాక్టర్ ముందు కూర్చున్నాక "బాగా అల్లరి సార్, అస్సలు వినడు" తప్ప మనకి ఇంకో మాట రాదు, ఆయనకేమో అది పనికిరాదు, పైగా పిల్లాడు ఆ పావుగంట కొత్త చోటు కాబట్టి బుద్ధిమంతుడిలా కూర్చుని మన పరువు తీస్తాడు.

ఏం రాయాలంటే, జరిగింది జరిగినట్టు, మన అభిప్రాయం లేకుండా. నా డైరీలో ఒక రోజు ఇలా ఉంది: "మంగళవారం సాయంత్రం 6:20, లెక్కలు, ఐదు ఇచ్చా. మొదటిది కరెక్టు. రెండోది 63లోంచి 28 తియ్యాలి, కలిపేసి 91 వేశాడు. నోటితో అడిగితే 35 అన్నాడు. మూడో లెక్క మధ్యలో లేచి ఫ్రిజ్ తెరిచాడు, ఎందుకు తెరిచావంటే తెలీదన్నాడు. ఐదు లెక్కలకి 50 నిమిషాలు." ఈ నాలుగు లైన్లు చదివి డాక్టర్ అడిగిన ప్రశ్నలు అంతకుముందు ఎవరూ అడగలేదు. నోటితో 35 అన్నాడంటే తీసివేత వచ్చు, గుర్తు మీద చూపు ఆగలేదు, అంతే. "లెక్కల్లో వీక్" అని టీచర్ రాసింది తప్పని ఆ లైనుతో తేలిపోయింది.

బాగా గడిచిన రోజులు కూడా రాయండి, అవే తర్వాత పనికొస్తాయి. ట్యూషన్ ఆంటీని, వ్యాన్ అంకుల్‌ని, అమ్మమ్మ వాళ్ళని అడగండి, ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్తారు. పాత ప్రోగ్రెస్ కార్డులు పారెయ్యకుండా ఫైల్లో పెట్టండి, మా వాడి యూకేజీ కార్డులోనే "వెరీ బ్రైట్ బట్ రెస్ట్‌లెస్" అని ఉంది, చిన్నప్పట్నుంచీ ఉందనడానికి అదే సాక్ష్యం అయింది.

ఎవరి దగ్గరికి

ముందు మీ పిల్లల డాక్టర్ దగ్గరికే వెళ్ళండి, కళ్ళు చెవులు రక్తం అక్కడ తేలతాయి. తర్వాత పిల్లల సైకియాట్రిస్టు గానీ, డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టరు) గానీ. టెస్టింగ్ చేసేది క్లినికల్ సైకాలజిస్టు, వాళ్ళకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబర్ అడిగితే తప్పేం లేదు, ఉన్నవాళ్ళు మొహమాటం లేకుండా చూపిస్తారు. సర్కారు వైపు పిల్లలకంటే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి ఉంది, మానసిక ఆరోగ్యానికి ఎర్రగడ్డ ఆసుపత్రి ఉంది, పిల్లాడికి ఎదుగుదల కూడా వెనకబడిందనిపిస్తే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధి ఎదుగుదల తక్కువున్న వాళ్ళ కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఎక్కడికెళ్ళాలో కూడా తోచకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీ మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో మొదలైంది, డబ్బులేం అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఎర్రగడ్డ పేరెత్తగానే మన హైదరాబాదీలకి ఒక నవ్వు వస్తుంది చూడండి, చిన్నప్పట్నుంచీ "నిన్ను ఎర్రగడ్డకి పంపాలి" అని ఒకళ్ళనొకళ్ళం అనుకుంటూ పెరిగాం కదా. ఆ నవ్వే నన్ను ఒక ఏడాది ఆపింది. సైకియాట్రిస్టు అంటే పిల్లాడికి పిచ్చి అని చుట్టాలు అనుకుంటారేమో, రేపు ఎవరైనా ఎత్తి చూపుతారేమో అని. ఏడాదిపాటు వాడిని రోజూ తిట్టుకుంటూ గడిపా గానీ డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటా.

ఇంకో తప్పు కూడా చేశా. ఒక సెంటర్ వాళ్ళు తలకి వైర్లు పెట్టి, కంప్యూటర్‌లో రంగు రంగుల బొమ్మ చూపించి, ఇక్కడ ఎరుపుంది కాబట్టి మీ వాడికి ఏడీహెచ్‌డీ, నలభై సిట్టింగులు తీసుకుంటే పోతుందన్నారు, సగం ప్యాకేజీ కట్టేశా. తర్వాత డాక్టర్ చెప్పారు, దీన్ని తేల్చే రక్త పరీక్ష గానీ స్కాన్ గానీ ఇప్పటిదాకా లేదు, ఇంట్లో వాళ్ళని అడిగి, స్కూల్ వాళ్ళని అడిగి, పిల్లాడిని చూసి తేల్చాల్సిందే అని. పైన చెప్పిన మెదడు పరిశోధన అంటారా, అది వందల మంది సగటు, ఒక్క పిల్లాడి స్కాన్ చూసి ఉందా లేదా అని చెప్పలేరు. గ్యారంటీగా పోగొడతాం అన్న చోటి నుంచి లేచి వచ్చెయ్యండి, అడ్వాన్స్ పోయినా సరే.

మంచి చోట ఏం చేస్తారంటే, మీకో ఫారం, టీచర్‌కో ఫారం ఇస్తారు, వాండర్‌బిల్ట్ అనో కానర్స్ అనో పేర్లుంటాయి, "ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు" అని టిక్కులు పెట్టాలి. టీచర్ ఫారం లేకుండా పావుగంటలో తేల్చేశారంటే నాకైతే నమ్మకం కుదరదు. రెండు మూడు సిట్టింగులు పడుతుంది, ఆందోళన, నిద్ర, చదువు ఇబ్బంది అన్నీ చూస్తారు. పిల్లాడి ముందు వాడి తప్పుల చిట్టా విప్పకండి, నేను విప్పా, బయటికొచ్చాక వాడు "నేను బ్యాడ్ బాయ్‌నా మమ్మీ" అన్నాడు, ఆటోలో ఇంటిదాకా నా నోట మాట రాలేదు. ఆ నోటుబుక్కు ముందే ఇచ్చేస్తే ఆ బాధ ఉండదు.

మందుల గురించి

ఆరేళ్ళ లోపు పిల్లలకి ముందు మందు కాదు, తల్లిదండ్రులకి ట్రైనింగ్, అంటే పిల్లాడితో ఎలా మెలగాలో మనకి నేర్పడం. ఆరు దాటాక మందు, ట్రైనింగ్ రెండూ కలిపి ఇస్తారు, అవసరాన్ని బట్టి. ఎక్కువగా రాసేది మిథైల్‌ఫెనిడేట్, వేసిన ముప్పావు గంటలో పని మొదలుపెడుతుంది, మామూలు రకం మూడు నాలుగు గంటలుంటుంది, నెమ్మదిగా విడుదలయ్యే రకం స్కూల్ టైమంతా ఉంటుంది. అది పడకపోతే అటోమాక్సెటిన్, దాని ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, వారానికే పని చెయ్యలేదని ఆపేసేవాళ్ళున్నారు.

1999లో అమెరికాలో 579 మంది పిల్లల మీద పద్నాలుగు నెలలు చూసిన ఒక పెద్ద పరిశోధనలో, ధ్యాస, కుదురు విషయంలో జాగ్రత్తగా చూసుకుంటూ ఇచ్చిన మందు ఒట్టి ట్రైనింగ్ కన్నా బాగా పని చేసింది, రెండూ కలిపిన పిల్లలకి తక్కువ డోసుతోనే సరిపోయింది. కాబట్టి మందు అంటే ఓడిపోవడం కాదు. అలాగని మందొక్కటే మింగించి మనం మారకపోతే కుదరదు.

ఆకలి తగ్గుతుంది, ఇది నిజం. మా వాడి మధ్యాహ్నం డబ్బా సగం అలాగే తిరిగొస్తుంది. అందుకని మందు వెయ్యకముందే పొద్దున గట్టిగా పెడతా, నెయ్యి దోసెలో గుడ్డో, రాత్రి ఎనిమిదింటికి మందు దిగాక వాడే అన్నం అడుగుతాడు. నిద్ర ఆలస్యమవ్వొచ్చు, కడుపునొప్పి, తలనొప్పి మొదట్లో ఉండొచ్చు. ఎత్తు, బరువు, బీపీ, నాడి డాక్టర్ ప్రతిసారీ చూడాలి, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బుంటే ముందే చెప్పండి. పిల్లాడు మొద్దుబారినట్టు, నవ్వు మర్చిపోయినట్టు ఉంటే అది "బుద్ధి రావడం" కాదు, ఆ డోసు వాడికి ఎక్కువై ఉండొచ్చు, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

ఇక్కడ ఒక తిప్పలుంది. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే చీటీ రెండు కాపీలుండాలి, ఒకటి షాపు వాళ్ళు ఉంచుకుంటారు, దానికి విడిగా లైసెన్సుండాలి కాబట్టి గల్లీ మెడికల్ షాపులో దొరకదు. మొదటిసారి ఆరు షాపులు తిరిగా, ఒక షాపతను నన్ను పైనుంచి కిందిదాకా చూసి "ఎవరికమ్మా" అన్నాడు, ఏదో దొంగ సరుకు అడిగినట్టు. డాక్టర్నే ఎక్కడ దొరుకుతుందో అడగండి, ముందు ఫోన్ చేసి వెళ్ళండి, వారం స్టాకు మిగిలుండగానే తెచ్చుకోండి. ఇంట్లో తాళం వేసి పెట్టండి, పరీక్షలకి బాగుంటుందంట అని పక్కింటి ఇంటర్ పిల్లలకి ఇచ్చే పని అస్సలు చెయ్యకండి. డాక్టర్ చెప్పిన డోసులో పిల్లాడు దానికి బానిసవ్వడు, ఆ భయం అక్కర్లేదు.

చక్కెర మానేస్తే తగ్గుతుందా అంటే తగ్గదు. 1994లో ఒక ప్రయోగంలో పిల్లలెవరికీ చక్కెర ఇవ్వకుండానే కొందరు తల్లులకి "ఇచ్చాం" అని చెప్పారు, ఆ తల్లులకే తమ పిల్లలు ఎక్కువ గెంతుతున్నట్టు కనిపించింది. పళ్ళ కోసం మానేస్తే మానేయండి. మెమరీ టానిక్కులు, మిడ్ బ్రెయిన్ క్లాసులు, వాటి జోలికి పోకండి. అత్తమ్మ దిష్టి తీస్తానంటే తియ్యనిస్తా, ఎండుమిరపకాయల ఘాటుకి ఇంటిల్లిపాదికీ తుమ్ములు తప్ప నష్టమేం లేదు.

ఇంట్లో ఏం పని చేసింది

చెప్పడం తగ్గించి కంటికి కనపడేలా పెట్టడం, అంతే సూత్రం. పని జరగాల్సిన చోట, జరగాల్సిన టైముకి గుర్తు ఉండాలి. వంటింట్లోంచి వేసే కేక గుర్తు కాదు, దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యేసి, చూపు కలిశాక, ఒకే ఒక్క పని చెప్పాలి. "బ్రష్ చేసి స్నానం చేసి డ్రెస్ వేసుకుని బ్యాగు సర్దుకో" అంటే వాడికి ఆఖరి మాట తప్ప ఏం మిగలదు.

బ్యాగు రాత్రే సర్ది గుమ్మం పక్కన. సాక్సులు బూట్లలోనే, రెండూ. బూట్లు వేసుకునే పీట తులసి కుండీ వైపు కాకుండా గోడ వైపు తిప్పాం, నవ్వుకోండి గానీ పని చేసింది.

హోంవర్కు పది పదిహేను నిమిషాల ముక్కలు. టైమర్ కొన్నా గానీ వాడు దాన్ని విప్పి చూశాడు, అది అయిపోయింది. కుక్కర్ విజిల్ మాత్రం కుదిరింది, "పప్పు మూడు విజిల్స్ వచ్చేదాకా రాయి, తర్వాత లేచి రెండు బాటిళ్ళు నింపి ఫ్రిజ్‌లో పెట్టు, మళ్ళీ కూర్చో" అని. విజిల్ ఆగితే ఆట ఆగినట్టే వాడికి. నిలబడి రాస్తానంటే రాయనిస్తా, కాలు ఊపుతాడు, ఊపుకోని, చేత్తో కదా రాసేది.

చింతగింజల డబ్బా గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఇక్కడే తప్పు చేస్తారు, నేనూ చేశా. "నెలంతా బుద్ధిగా ఉంటే సైకిల్" అన్నా మొదట. నెల అంటే వాడికి వచ్చే జన్మ. ఈ పిల్లలకి బహుమతి చిన్నదైనా వెంటనే రావాలి. ఖాళీ హార్లిక్స్ సీసా పెట్టి, రెండే రెండు పనులు ఎంచుకున్నాం, వ్యాన్ వచ్చేలోపు బూట్లతో గుమ్మంలో ఉండటం, డైరీ తీసి చూపించడం. అవ్వగానే అక్కడికక్కడే ఒక చింతగింజ వాడి చేతికే ఇచ్చి సీసాలో వెయ్యమంటా, టక్ అని చప్పుడు, ఆ చప్పుడే వాడికి సగం బహుమతి. ఐదైతే రాత్రి క్యారమ్స్ ఒక ఆట నాన్నతో, పదిహేనైతే శనివారం మిర్చి బజ్జీ. ఇచ్చిన గింజ ఏ కోపంలోనూ వెనక్కి తీసుకోకూడదు, ఒకసారి తీసుకున్నా, ఆ వారమంతా సీసా వైపే చూడలేదు వాడు. రెండు వారాలకి మొహం మొత్తుతుంది, అప్పుడు బహుమతి మార్చాలి, పద్ధతి పని చెయ్యలేదని వదిలెయ్యకూడదు. మెచ్చుకునేటప్పుడు ఒట్టి "గుడ్ బాయ్" కాకుండా "హారన్ కొట్టకముందే బూట్లేసుకున్నావ్" అని పనిని మెచ్చుకోవాలి. శిక్ష కూడా అంతే, చిన్నది, అప్పటికప్పుడు. సోమవారం తప్పుకి ఆదివారం సినిమా క్యాన్సిల్ చేస్తే వాడికి ఆదివారం అన్యాయం జరిగినట్టే ఉంటుంది.

జనంలో మాత్రం జాగ్రత్త, ఈ పిల్లలకి దెబ్బలు తగలడం, తప్పిపోవడం ఎక్కువ. మొన్న జనవరిలో నాంపల్లి నుమాయిష్ (ఎగ్జిబిషన్)లో జెయింట్ వీల్ లైట్లు చూసి నా చెయ్యి వదిలించుకుని పోయాడు, మూడు నిమిషాలు కనపడలేదు, నా ప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడు గుంపులోకి వెళ్తే మణికట్టు మీద పెన్నుతో నా ఫోన్ నంబరు రాస్తాం. మా ఇంటికి బాల్కనీ గ్రిల్ కూడా పెట్టించాం.

స్కూల్‌తో

పీటీఎంలో వంద మంది పేరెంట్స్ మధ్య ఈ మాట ఎత్తకండి, విడిగా టైమ్ అడగండి. "మా వాడికి ఏడీహెచ్‌డీ ఉంది, మీరు అర్థం చేసుకోవాలి" అంటే మేడం ఏం చేస్తుంది పాపం, నలభై మంది ఉన్నారు ఆమెకి. చేతిలో పట్టే మూడు పనులు అడిగా: కిటికీకి, డోర్‌కి దూరంగా ముందు బెంచీ, హోంవర్కు డైరీలో రాశాడో లేదో ఒక్క చూపు, గంటకోసారి బోర్డు తుడవడమో నోటుబుక్కులు పంచడమో ఏదో ఒక కదిలే పని. మూడూ చేసింది. కానీ ఇంకో టీచర్ హోంవర్కు చెయ్యలేదని గేమ్స్ పీరియడ్ ఆపేసేవారు, నాలుగు రోజుల తర్వాత వాడు క్లాసులో ఇంకా ఎక్కువ గెంతాడు, గెంతక ఏం చేస్తాడు. ఆట ఆపడం ఈ పిల్లలకి ఇచ్చే శిక్షల్లోకల్లా పనికిమాలినది, ఇది మాత్రం గట్టిగానే మాట్లాడండి.

పరీక్షల్లో ఎక్కువ టైము కావాలంటే ఒక చిక్కుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో లెర్నింగ్ డిసెబిలిటీ, ఆటిజం పేర్లున్నాయి గానీ ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. అందుకే టెస్టింగ్‌లో చదవడం, రాయడం, లెక్కలు కూడా చూడమనండి, లెర్నింగ్ డిసెబిలిటీ కూడా ఉన్నట్టు తేలితే ఆ సర్టిఫికెట్ పదో క్లాసులో పనికొస్తుంది. ఆరో క్లాసు నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని సాయంత్రం మూడు గంటలు అదనంగా కూర్చోబెట్టే బ్యాచ్‌లున్నాయి కదా మన దగ్గర, మా బావగారు వాడిని కూడా వేద్దామంటున్నారు. పొద్దుటి నుంచి కూర్చోలేక చస్తున్నవాడిని ఇంకా కూర్చోబెడితే ఏమొస్తుంది, ఆ టైములో కాలనీ గ్రౌండ్‌లో పరిగెత్తనిస్తున్నా, ఆ రోజుల్లో నిద్ర కూడా తొందరగా పడుతుంది.

ఎండాకాలం సెలవుల్లో మందు ఆపొచ్చా అనేది మన ఇష్టం కాదు, డాక్టర్ని అడగాలి, బరువు తగ్గిన పిల్లలకి కొందరు డాక్టర్లు ఆపుతారు, అందరికీ కాదు. ఆ తర్వాతి విజిట్ మాత్రం స్కూల్ తెరవగానే పెట్టుకోకండి, జూన్‌లో తెరిస్తే జులై చివర్లో పెట్టుకోండి, కొత్త టీచర్‌కి పిల్లాడు తెలియడానికి ఆ మాత్రం టైము కావాలి, ఫారం ఆమే నింపాలి కదా. వెళ్ళేటప్పుడు ఎత్తు బరువుల కాగితం, మిగిలిన మాత్రల షీటు, ఆ రెండు వారాల నోటుబుక్కు. మాది ఇప్పుడు మూడో డైరీ నడుస్తోంది, పాల లెక్క ముందు నుంచి, వీడి లెక్క వెనక నుంచి.